స్పీకరు కుర్చీ చుట్టూ

కూర్మన్నపాలెం,
3-8-86

బావా,

భిలాయి కొలిమిలో ట్రైనింగు పేరుతో నువ్వు ఎర్రగా కాలుతున్నావని తలుస్తాను. ఇక్కడ నీ పెళ్ళాం, అనగా నా చెల్లెలు చిలకమ్మ, క్షేమం. నీ కూతురు గౌరీశ్వరి తొమ్మిదో తరగతిలో క్షేమం. నేను క్షేమంగా ఉంటే ఊరు క్షేమంగా ఉండదని నువ్వే అంటావు గనుక నా సంగతి రాయను.

అయినా ఒకటి రాస్తాను. మొన్న ఎదురింటి తవిటమ్మత్త కోడి పోయిందని వీధి వీధంతా తిట్టిపోస్తుంటే, నా మైకుసెట్టు బయటికి తీసి, "తవిటమ్మగారి కోడి ఎక్కడున్నా వెంటనే వేదిక దగ్గరికి రావలసిందిగా కోరుతున్నాం" అని జంక్షను దాకా వినపడేలా చెప్పాను. కోడి రాలేదు గాని తవిటమ్మత్త చీపురుతో వచ్చింది.

అసలు సంగతి. సీతమ్మధారలో ఒక ఇంగ్లీషు బడి ఉంది. అక్కడి పిల్లలు ఏటేటా ఉత్తుత్తి శాసనసభ పెడతారట. ఒక పిల్ల స్పీకరు, ఒకడు ముఖ్యమంత్రి, మరొకడు ప్రతిపక్షం. ఈ ఏడు మిగతా బళ్ళ నుంచి కూడా ఒక్కొక్క సభ్యుణ్ణి పిలిచారు. మన నిర్వాసితుల కాలనీ బడి తరఫున గౌరిని పంపుతున్నారు. ఎందుకయ్యా అంటే గొంతు పెద్దదని. ఆ గొంతు మేనమామ పోలిక. ఆ రోజు మైకుసెట్టు కూడా మనదే. వన్‌టౌనులో నేను యాంప్లిఫయర్ బాగుచేయించుకునే కరీం బాషా కొట్టు ఉంది చూడు, ఆయన కూతురు నసీమా ఆ బళ్ళోనే చదువుతోంది. ఆ పిల్లే స్పీకరు. ఆయనే నా పేరు చెప్పాడు.

మన బళ్ళో సోషల్ మాస్టారు బదిలీ అయి వెళ్ళి ఏడాదయింది. పౌరశాస్త్రం పీరియడులో పిల్లల చేత గ్రౌండులో రాళ్ళు ఏరిస్తున్నారు. గౌరి పుస్తకంలో ఆ పాఠాలున్న వెనక పేజీలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉంటే, విడదీసి చూసింది. ‘స్పీకరు సభకు అధ్యక్షత వహించును’ అని ఒక ముక్క ఉంది. ఎలా వహించునో, ఎదుటివాళ్ళు ఎలా మసలుకొందురో లేదు. అందుకని నా దగ్గరికి వచ్చింది.

"మావా, అసెంబ్లీలో ఏటి సేత్తారు? ఎలగ లెగాల, ఎలగ కూకోవాల?"

అడగవలసినవాణ్ణే అడిగింది. అన్ని పార్టీల జీపుల్లోనూ అరిచినవాణ్ణి. ఏడో తరగతి తప్పినా రాజకీయంలో ఎమ్మే. నా విద్యంతా ధారపోశాను. సభలోకి వెళ్ళేముందు చెప్పులు గుమ్మం బయట విప్పాలన్నాను. కొత్త సభ్యుడు మొదటిసారి నోరు విప్పే ముందు స్పీకరు కుర్చీ చుట్టూ ప్రదక్షిణ చేసి దండం పెట్టాలి, అప్పుడే మాట చెల్లుతుందన్నాను. పైగా, మనలాంటివాళ్ళు ఎవరైనా సరే శాసనసభకి అర్జీ పెట్టుకోవచ్చు, వాళ్ళు దాన్ని బల్లమీద పెట్టి చూసి తీరాలన్నాను. పిల్ల కళ్ళింత చేసుకుని విన్నది. నువ్వూ తెలుసుకుంటావని రాశాను.

హలో హలో మైక్ టెస్టింగ్,
నీ బావ వరహాలు


భిలాయి,
14-8-86

బావా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇక్కడ రొట్టెలు నమిలి నమిలి దవడలు వాచాయి. అన్నం ఆదివారమే. కొలిమి దగ్గర పని ఇప్పుడిప్పుడే చేతికి వస్తోంది. మాకు నేర్పే ఆయన హిందీలో చెబుతాడు, నేను ఆయన చేతుల వైపు చూసి నేర్చుకుంటున్నాను.

గౌరి సంగతి చదివి మనసు నిండింది. ఉత్తుత్తిదైనా శాసనసభ శాసనసభే. మన భూములు ఉక్కు ఫ్యాక్టరీ కింద పోయినప్పుడు ఎవర్ని అడగాలో, ఏమని అడగాలో తెలియక ఊరంతా తాసీల్దారు ఆఫీసు మెట్లమీద కూర్చున్నాం, నీకు గుర్తుండే ఉంటుంది. ఎండకి ముసలాళ్ళు సొమ్మసిల్లారు గాని లోపలికి వెళ్ళి మాట్లాడడం ఒక్కడికీ చేత కాలేదు. నా కూతురికి అది చేతనైతే నాకు అంతకన్నా ఏమీ వద్దు. అందుకే దాన్ని బడి మానిపించకూడదని చిలకమ్మకి చెప్పి వచ్చాను.

ప్రదక్షిణ సంగతి నాకు తెలియదు. నువ్వు రాయబట్టి తెలిసింది. అయితే గౌరికి ఒక జాగ్రత్త చెప్పు. సింహాచలం కొండ చుట్టూ తిరిగేటప్పుడు కొండ మన కుడిచేతి వైపు ఉంటుంది కదా, అలాగే కుర్చీ కుడిచేతి వైపు ఉండేలా తిరగాలి. కంగారులో ఎడమకి తిరిగితే అపచారం. నాన్న మరీ మరీ చెప్పాడని చెప్పు.

కోడి దొరికిందా? తవిటమ్మత్తతో పెట్టుకోకు.

ఉంటాను,
రమణమూర్తి


కూర్మన్నపాలెం,
1-9-86

బావా,

సభ జరిగింది. గౌరి వెళ్ళింది, మాట్లాడింది. మైకు బాగా పలికింది. జనం కూడా బాగానే పలికారు.

ఇక్కడ వానలు. గౌరికి కొంచెం జలుబు, రెండు రోజులుగా బడికి వెళ్ళడం లేదు. కంగారు పడకు.

తవిటమ్మత్త కోడి దొరికింది.

వరహాలు


భిలాయి,
12-9-86

బావా,

నీ ఉత్తరం నాలుగు ముక్కలుంది. నువ్వు పొట్టి ఉత్తరం రాయడం నేను ఎన్నడూ చూడలేదు. అయినా అంతా బాగా జరిగిందని రాశావు కదా అని సంతోషించాను. ఆ సంతోషంలో నేను చేసిన పని చెబుతాను.

ఆదివారం మెస్సులో మన విశాఖపట్నంవాళ్ళందరూ అన్నాల దగ్గర కూర్చున్నారు. మా అమ్మాయి శాసనసభలో మాట్లాడింది అన్నాను. అందరూ బాగు బాగు అన్నారు. అక్కడితో ఊరుకోవలసింది. స్పీకరు కుర్చీ చుట్టూ ప్రదక్షిణ చేసి మరీ, పద్ధతి ప్రకారం మాట్లాడింది అన్నాను. పద్ధతి అన్న మాట కాస్త గట్టిగానే అన్నాను.

దొరబాబని మద్దిలపాలెం కుర్రాడు ఉన్నాడు, బీయే చదివాడు. చేతిలో ముద్ద పళ్ళెంలో పడేశాడు.

"అసెంబ్లీ అనుకున్నావా, సింహాచలం అనుకున్నావా అన్నా?"

వాడి వెనక అందరూ నవ్వారు. వాళ్ళలో సగం మందికి నాలాగే ఏమీ తెలియదు, బావా. తెలియనివాళ్ళే ఎక్కువ నవ్వారు. ఆ రోజు నుంచి నేను ఎక్కడ కూర్చున్నా ఎవడో ఒకడు నా చుట్టూ తిరిగి దండం పెట్టి పోతున్నాడు.

నాదేముంది, నలభై ఏళ్ళవాణ్ణి, నాలుగు రోజులు పోతే మరిచిపోతారు. నిజం రాయి. నా కూతురు అక్కడ అలా తిరిగిందా?

రమణమూర్తి


కూర్మన్నపాలెం,
20-9-86

బావా,

తిరిగింది.

అది నేను పుట్టించిన మాట. చెప్పులదీ అంతే, అర్జీదీ అంతే. సభకి వెళ్తూ బస్సులో, ఇదంతా తమాషా అని చెప్పేద్దామనుకున్నాను. కానీ దర్జాగా కోట్లు వేసుకుని కూర్చునే ఆ ఇంగ్లీషు బడి పిల్లల మొహాలు ఎలా మారతాయో చూడాలనిపించింది. జోకు వాళ్ళ మీద వేస్తున్నాననుకున్నాను. ఎవరి మీద పడుతుందో చూసుకోలేదు. నీకు రాసినప్పుడు కూడా నువ్వు చదివి పడీ పడీ నవ్వుతావనుకున్నాను. నువ్వు కుడీ ఎడమా రాసి పంపావు. అది చూసి ఇంకాస్త నవ్వుకుని, గౌరికి చదివి వినిపించాను.

ఆ బడి పిల్లలను మాస్టార్లు బస్సులో హైదరాబాదు తీసుకువెళ్ళి, గ్యాలరీలో కూర్చోబెట్టి అసలు సభ చూపించారట. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు బల్ల చరచాలో, ఏ మాట అంటే వెనక్కి తీసుకోవాలో వాళ్ళకి తెలుసు. నేను వైర్లు లాగుతూ చూస్తున్నాను. ఒక్కొక్కడూ పుట్టు మంత్రిలా ఉన్నాడు.

మన బడి పేరు పిలిచారు. గౌరి గుమ్మం బయటికి వెళ్ళి చెప్పులు విప్పి వచ్చింది. అప్పుడే పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. గౌరి వేదిక ఎక్కి నసీమా కూర్చున్న కుర్చీ వెనక్కి వెళ్ళింది. కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, నెమ్మదిగా. గుళ్ళో ఎలా తిరుగుతుందో అలాగే.

నేను యాంప్లిఫయర్ దగ్గర ఉన్నాను. నా ముందు టెస్టింగు మైకు తెరిచే ఉంది. బావా, మొదటి నవ్వు నాదే. అలవాటైన నవ్వు, దానంతటది వచ్చేసింది. హారన్లలోంచి వీధి చివరి దాకా వినిపించింది. ఆ తర్వాతే హాలంతా అందుకుంది. మార్కులు వెయ్యడానికి జడ్జీగా వచ్చిన పెద్దమనిషి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

అయినా నీ కూతురు దిగిపోలేదు. మా బడికి సోషల్ మాస్టారు లేరు అధ్యక్షా అంది. దీని మీద మేము శాసనసభకి అర్జీ పెట్టుకుంటాం, సభవారు చూసి తీరాలి అంది. మళ్ళీ నవ్వారు. అర్జీలు తాసీల్దారుకి పెట్టుకోవాలమ్మా, శాసనసభకి కాదు అని ఆ జడ్జీగారు బుజ్జగింపుగా చెప్పారు. అప్పుడు దిగింది. చెప్పులు అక్కడే మరిచిపోయి మద్దిలపాలెం బస్టాపు దాకా ఉత్త కాళ్ళతో నడిచింది. అవి నేను మైకు పెట్టెలో పెట్టుకుని తెచ్చాను.

అప్పట్నుంచీ బడికి వెళ్ళడం లేదు. జలుబని రాసింది అబద్ధం. చిలకమ్మతో జ్వరమంటుంది, చిలకమ్మ నుదురు పట్టుకుని చూసి ఊరుకుంటోంది. ఇంకొన్నాళ్ళు రాకపోతే పేరు కొట్టేస్తామని హెడ్మాస్టరు కబురు పెట్టారు. నాతో ఒకటే మాట అంది:

"నాన్న సెప్పినట్టు కుడిపక్కకి తిరగనేదు మావా. కంగార్లో ఎడంపక్కకి తిరిగేసేను. అందుకే నవ్వేరు."

అవునన్నట్టు తల ఊపాను బావా.

వరహాలు


భిలాయి,
29-9-86

బావా,

ఆ ఎడమపక్క మాట చదివాక ఆ పూట పనిలో నిలబడలేకపోయాను. ఫోర్‌మను పక్కకి తప్పుకోమన్నాడు. కుడీ ఎడమా రాసి పంపింది నేనే. నువ్వు అబద్ధం ఆడావు, నేను దానికి దిక్కు చూపించాను.

నిన్ను తిట్టడానికి రెండు కాగితాలు నింపి చించేశాను. తిడితే నీకు తేలికవుతుంది.

ఇప్పుడు చెయ్యవలసింది రాస్తున్నాను. వెళ్ళి దానికి నిజం చెప్పు. తప్పు దాని తిరగడంలో లేదని చెప్పు. నాన్నకి కూడా ఏమీ తెలియదు, తెలిసినట్టు రాశాడు అని చెప్పు, అది దాచకు. ఇన్నిసార్లు ఓటు వేశాను, నేను గెలిపించిన మనిషి ఎక్కడికి వెళ్ళి ఏం చేస్తాడో ఒక్కసారీ ఎవరినీ అడగలేదు. అడిగితే నవ్వుతారని.

ఆ భయంతోనే అది బడి మానేస్తే, రేపు తాసీల్దారు మెట్లమీద కూర్చునేది అదే. పేరు కొట్టెయ్యకముందు చెప్పు. చెప్పేదాకా నాకు రాయకు.

రమణమూర్తి


కూర్మన్నపాలెం,
14-10-86

బావా,

చెప్పాను. అందుకే రాస్తున్నాను.

చిలకమ్మ పెరట్లో చేపలు తోముతోంది, గౌరి బూడిద అందిస్తోంది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. చిలకమ్మ చేప కింద పెట్టి నా మొహంలోకి చూసింది. "నానింకా దానికి జొరమేమోనని మిరియాల కషాయం పోత్తన్నాను" అంది. అంతే, మళ్ళీ తోముకుంది. గౌరి తల ఎత్తలేదు.

"మొదట నవ్వినాది నువ్వేనని నాకు తెలుసు మావా."

ఆ నవ్వు పుట్టినప్పట్నుంచీ వింటున్న పిల్ల, ఎందుకు పోల్చుకోదు? మరి కుడి, ఎడమ అని ఎందుకు అన్నట్టు అని అడగబోయి మానేశాను. ఆ రోజు ఆ మాటతో నాకు ఒప్పుకునే దారి ఇచ్చింది. నేనేమో అవునని తల ఊపి తప్పించుకున్నాను.

తర్వాత అడిగింది: "అర్జీ మాటో?"

ఒప్పుకునేటప్పుడు సగం ఏమిటని, అదీ అబద్ధమేనన్నాను. లేచి లోపలికి వెళ్ళి పుస్తకంలోంచి ఒక కాగితం తెచ్చింది. ఇన్నాళ్ళూ జ్వరం పేరుతో పడుకుని, తమ బడికి మాస్టారు కావాలని శాసనసభకి అర్జీ రాస్తోందట. నా ముందే పొయ్యిలో పెట్టింది.

నాలుగు రోజుల తర్వాత యాంప్లిఫయర్ పట్టుకుని కరీం బాషా కొట్టుకి వెళ్ళాను. నసీమా ఉంది. నన్ను చూసి లేచి నిలబడి, స్పీకరు నవ్వకూడదు అంకుల్, నేనూ నవ్వేశాను అంది. ఆ రోజు కుర్చీలో తనకి ఏడుపు కూడా వచ్చిందట. తర్వాత ఆ పిల్ల ఇంకో మాట చెప్పింది. అర్జీ విషయంలో గౌరి చెప్పిందే సరైనదట. వాళ్ళ లైబ్రరీలో శాసనసభ నిబంధనల పుస్తకం ఉంటే తీసి చూసిందట. పౌరులు అర్జీ పెట్టుకోవచ్చట, సభ్యుడొకడు దాన్ని సభ ముందు ఉంచుతాడట. జడ్జీగారే తప్పు చెప్పారంది.

"ఆ అమ్మాయికి ఎవరు నేర్పారు అంకుల్?"

బావా, నేను అబద్ధమనుకుని చెప్పినది నిజం, నిజం ఒప్పుకుంటున్నానని చెప్పినది అబద్ధం. ఏది అబద్ధమో తెలియాలన్నా ముందు నిజం తెలిసి ఉండాలి కదా. ఇరవై ఏళ్ళు ‘మీ అమూల్యమైన ఓటు’ అని అరిచాను. దాని మూల్యమేమిటో ఏనాడైనా తెలిస్తే కదా.

పరుగున ఇంటికి వచ్చి చెప్పాను. గౌరి నన్ను ఎగాదిగా చూసింది.

"ఇదీ తమాషాయేనా మావా?"

ఒట్టు వేశాను. నీ ఒట్టు కూడా తమాషాయే అని చిలకమ్మ లోపల్నుంచి అంది. నా మాట నమ్మేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. ఆఖరికి కరీం బాషాని బతిమాలుకుంటే, ఆదివారం స్కూటరు మీద నసీమానీ ఆ పుస్తకాన్నీ తీసుకువచ్చాడు. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నసీమా చదివి అర్థం చెప్పింది. గౌరి మళ్ళీ చదివించుకుంది. ఒక్కొక్క మాట మీద వేలు పెట్టించి మరీ చూసింది. చివరికి అడిగింది:

"ఈ పుస్తకం మీ బళ్ళో అందరికీ ఇత్తారా?"

లైబ్రరీలో ఉంటుంది, ఎవరూ తియ్యరు అంది నసీమా.

గౌరి అట్ట మీంచి చెయ్యి తియ్యలేదు. సోమవారం బడికి వెళ్ళింది. పేరు ఇంకా కొట్టెయ్యలేదు.

వరహాలు


భిలాయి,
27-10-86

బావా,

దొరబాబుని అడిగాను. అర్జీ సంగతి వాడికీ తెలియదు. బీయే చదివినవాడు బిక్కమొహం వేశాడు. నేను నవ్వలేదు. నవ్వబుద్ధి కాలేదు.

శాసనసభ అంటే ఏమిటో, అది ఎలా నడుస్తుందో తనకి తెలిసినంతవరకు నాకు ఒక ఉత్తరం రాయమని గౌరికి చెప్పు. తెలియనిచోట తెలియదని రాయమను.

నువ్వు చెప్పి రాయించకు.

రమణమూర్తి


కూర్మన్నపాలెం,
30-11-86

బావా,

గౌరి నీకు వేరే ఉత్తరం రాస్తోంది. నన్ను చూడనివ్వడం లేదు గనుక అందులో ఏముందో నాకు తెలియదు.

అర్జీ మళ్ళీ రాసింది. మన బడికీ, చుట్టుపక్కల ఇలాంటి బళ్ళకీ సోషల్ మాస్టార్లని వెయ్యాలని, పౌరశాస్త్రం పీరియడులో రాళ్ళు ఏరించకూడదని, సీతమ్మధార బడి పిల్లలు చూసినట్టే మా పిల్లలూ అసలు సభ చూసేలా చెయ్యాలని. కాలనీ ఆడవాళ్ళు సంతకాలు పెట్టారు. తవిటమ్మత్త వేలిముద్ర వేస్తూ, ఇది వరహాలు పని కాదు గదా అని రెండుసార్లు అడిగి మరీ వేసింది. గౌరి నన్ను సంతకం అడగలేదు. నేనూ అడగలేదు.

దాన్ని సభలో పెట్టడానికి ఎమ్మెల్యే కావాలి కదా. ఆయన ఊళ్ళో ఉన్నాడంటే నిన్న వెళ్ళాం, గౌరి, చిలకమ్మ, నేను. ఎలక్షన్లలో ఆయన జీపులో గొంతు పోయేదాకా అరిచాను గాని ఆయన గడప ఎన్నడూ తొక్కలేదు. అర్జీ తీసుకున్నాడట. మొత్తం చదివి, సంతకం పెట్టి, సభలో పెడతానన్నాడట. పెడతాడో లేదో నాకు తెలియదు. తెలిసినట్టు రాయను.

తీసుకున్నాడట అని ఎందుకు రాశానంటే, నేను లోపల లేను.

గుమ్మం దగ్గర గౌరి ఆగింది. నున్నటి గచ్చు, లోపల కుర్చీల్లో పెద్దమనుషులు. తన కాళ్ళ వైపు చూసుకుంది. తర్వాత తల తిప్పి నా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోపల మొహం తిప్పేసుకుని, తలుపు దగ్గర నిలబడ్డ బంట్రోతుని అడిగింది.

"సెప్పులు ఇక్కడ ఇప్పాలా అండీ?"

"అక్కర్నేదమ్మా, ఎల్లండి."

చెప్పులతోనే లోపలికి నడిచింది. వెనకాలే చిలకమ్మ వెళ్ళింది. బంట్రోతు నన్ను కూడా రమ్మన్నాడు. నేను వెళ్ళలేదు బావా. నా చెప్పులు అప్పటికే విప్పేసి, చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను.

వరహాలు